గోల్ఫు పోటీకి ముగ్గురు అమ్మాయిలు కావలెను

మా నాన్న మనుషుల్ని సరఫరా చేసేవారు. ఇలా చెబితే ఇంటికి పోలీసులొస్తారని అమ్మ భయం. అందుకే ఎవరైనా అడిగితే, "సినిమాల్లో చేస్తారండీ" అని ముక్తసరిగా చెప్పేది. అదీ అబద్ధం కాదు. షూటింగుకి పెళ్ళివారు కావాలన్నా, కోర్టు సీనులో జనం కావాలన్నా, హీరో కాలేజీకి వస్తుంటే వెనకాల పుస్తకాలు పట్టుకుని నడిచే పిల్లలు కావాలన్నా ఫోను మా ఇంటికే వచ్చేది. నాన్న చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, "పదిమంది పోలీసులు, ఇద్దరు ముసలమ్మలు, ఒక పురోహితుడు. పొద్దున్నే ఆరింటికి. అలాగేనండీ" అంటూ రాసుకునేవారు. ఆ పోలీసులూ ముసలమ్మలూ యూసుఫ్‌గూడ చుట్టుపక్కల ఉండేవాళ్ళు. మేము ఫిల్మ్ నగర్‌లో, బండల మధ్య కొత్తగా లేచిన ఇళ్ళ వరసలో ఉండేవాళ్ళం. ఎనభైల చివర, నాకు పదమూడేళ్ళప్పటి మాట.

మా పెరట్లో బండ ఎక్కి అవతలికి దిగితే జూబ్లీహిల్స్. అక్కడ మొదటి ఇల్లు రిటైరైన మేజర్ అంకుల్‌ది. ఆయన సీతాఫలం చెట్టు మీదికి రాళ్ళు విసురుతూ ఒకరోజు దొరికిపోయాను. తిడతారనుకుంటే, నన్ను ఎగాదిగా చూసి, "గురి మంచిగుంది బేటా, నిలబడుడే బాగలేదు" అన్నారు. నా కాళ్ళు రెండూ సరిచేసి, చేతికి గోల్ఫు కర్ర ఇచ్చారు. అలా పళ్ళ దొంగతనానికి వెళ్ళి క్రీడాకారిణినయ్యాను.

మేజర్ అంకుల్‌కి ఒకటే పిచ్చి. ఆడపిల్లలు గోల్ఫు ఆడాలి. ఊరికే ఆడితే చాలదు, పోటీల్లో ఆడాలి. దారిన పోయే ప్రతి తల్లినీ తండ్రినీ ఆపి ఇదే చెప్పేవారు. ఒకావిడ ఎండకి పిల్ల నల్లబడుతుందంది. ఇంకొకాయన, బంతి తగిలి పన్ను ఊడితే రేపు పెళ్ళిచూపుల్లో నవ్వడమెలా అన్నాడు. మూడో ఆవిడ అంతా శ్రద్ధగా విని, "ఆ గుంటలో బంతి పడ్డాక మళ్ళీ తీసేస్తారా? మరి వెయ్యడం ఎందుకండీ?" అని అడిగింది. ఆయన టోపీ సర్దుకుని, నాలుగో ఆవిడని ఆపడానికి వెళ్ళారు.

ఆ ఏడు ఆయన క్లబ్బు వాళ్ళ వెంటబడి ఆడపిల్లలకి విడిగా ఒక పోటీ పెట్టడానికి ఒప్పించారు. తొమ్మిది గుంటల ఆట, ఒక చిన్న వెండి కప్పు. క్లబ్బు వాళ్ళు పెట్టిన షరతు ఒకటే: కనీసం నలుగురు ఉండాలి. నలుగురు లేకపోతే పోటీ లేదు. మేజర్ అంకుల్ దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే.

ఆ కప్పు నాకు కావాలి. ఎంత కావాలంటే, గెలిచేశానని క్లాసులో ముందే చెప్పేశాను. ఇంట్లో టీవీ మీద ఉన్న ప్లాస్టిక్ పూల కుండీని తీసేసి, చోటు కూడా సిద్ధం చేశాను. ఇప్పుడు పోటీయే లేదంటే నా పరువేం కావాలి? బళ్ళో పిల్లల కాళ్ళావేళ్ళా పడ్డాను. ఒకతెకి డాన్సు క్లాసు, ఇంకొకతెకి లెక్కల ట్యూషను. మూడో పిల్ల వస్తానని, నా దగ్గర రెండు చాక్లెట్లు తిని, రానంది. దానితో ఇప్పటికీ నాకు మాటల్లేవు.

సాయంత్రం వరండాలో కూచుని ఏడుస్తుంటే నాన్న వచ్చారు. విషయమంతా విని, ఎంతో తేలిగ్గా, "ఎంతమంది తక్కువ?" అన్నారు.

"ముగ్గురు."

"వయసు?"

"నా అంతే."

"డ్రెస్సేంటి?"

నేను ఏడుపు ఆపేశాను. నాన్న అప్పటికే ఫోను తిప్పుతున్నారు. "ముగ్గురు అమ్మాయిలు కావాలి. పదమూడు, పద్నాలుగు మధ్య. రిచ్ లుక్కు. ఆ, గోల్ఫు ఆడేవాళ్ళు. ఆడటం రాకపోయినా పర్లేదు, రిహార్సల్స్ ఉంటాయి."

మర్నాడు ముగ్గురూ మా గుమ్మంలో ఉన్నారు. ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. పెళ్ళి సీన్లలో పన్నీరు చల్లడంలో ఆరితేరినవాళ్ళు. మూడో అమ్మాయి సన్నగా, పొడుగ్గా, రెండు జడలతో ఉంది. తల్లి కూడా గుంపు సీన్లు చేస్తుంది. ఇంటికి నీళ్ళు మోసే పని మాత్రం ఈ అమ్మాయిది. ఈమెని నేను పొడుగు జడల పిల్ల అని పిలిచేదాన్ని, మనసులో మాత్రమే.

మేజర్ అంకుల్ ఆ ముగ్గురినీ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. "ఏం ఉత్సాహం! యూసుఫ్‌గూడ నుంచి నడిచొచ్చిండ్రు!" అని నాన్న చెయ్యి పట్టుకుని ఊపేశారు. నాన్న వినయంగా నవ్వారే తప్ప, వాళ్ళకి టిఫినూ కాల్షీటూ ఇస్తున్న సంగతి చెప్పలేదు. రోజు పనినీ, దానికిచ్చే కూలినీ కూడా కాల్షీటనేవాళ్ళు మా ఇళ్ళల్లో.

రెండు వారాలు మేజర్ అంకుల్ ఇంటి వెనక ప్రాక్టీసు. అక్కడ గడ్డి లేదు, ఉన్నదంతా బండలే. కొట్టిన బంతి బండకి తగిలి మన మీదికే వచ్చేది. కాబట్టి కొట్టడం ఎంత ముఖ్యమో వెంటనే కూచోవడం అంత ముఖ్యం. అక్కాచెల్లెళ్ళు కొట్టడం పూర్తిగా మానేసి, కూచోవడంలో మంచి ప్రావీణ్యం సంపాదించారు. పొడుగు జడల పిల్ల మూడోరోజు ఒక బంతిని కొడితే అది బండ మీదుగా లేచి, షేక్‌పేట వైపు పోయింది. మేము చాలాసేపు చూశాం గానీ అది ఎక్కడ పడిందో తెలియలేదు.

"ఎట్ల కొట్టినవ్ బేటా?" అన్నారు మేజర్ అంకుల్.

"దినాం బోరింగు కొడ్త గద అంకుల్. దానికన్నా గిది అల్కగుంది" అందా పిల్ల.

ఆ సంగతి నాన్నకి నేనే చెప్పాను, నవ్వుతూ. ఆ తర్వాత ఆమె బంతి ఎప్పుడూ బండ దాటలేదు. గాలివాటం దెబ్బ అనుకుని నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

పోటీ రోజు పొద్దున్నే నాన్న జీపు నిండా మనుషుల్ని వేసుకుని మైదానానికి తెచ్చారు. అది కోట వైపు పోయే దారిలో ఎక్కడో ఉండేది. ముళ్ళ పొదలు, మేకలు, గుంటల చుట్టూ పచ్చికకి బదులు నూనె కలిపిన ఇసుక. ముగ్గురికీ కాస్ట్యూమ్స్ వాళ్ళ దగ్గర్నుంచి తెల్ల గౌన్లు వచ్చాయి. అక్క నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. చెల్లెలి మెళ్ళో ముత్యాల దండ. నాన్న వాళ్ళని దగ్గరికి పిలిచి ఏదో చెబుతుంటే, ఆటకి సంబంధించిన జాగ్రత్తలనుకున్నాను.

నేను మొదటి దెబ్బ కొట్టాను. ముగ్గురూ ఒకేసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "అబ్బా!" అన్నారు. తర్వాత ఒకేసారి చప్పట్లు కొట్టారు. ఎవరూ కట్ చెప్పలేదు గనక ఆపలేదు. క్లబ్బు పెద్దాయన ఒకాయన, ఆడేటప్పుడు నిశ్శబ్దం పాటించాలని చెప్పడానికి చాలా అవస్థపడ్డాడు. నా బంతి పొదలో పడితే ముగ్గురూ మూడు దిక్కులకి పరిగెత్తి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, దొరకని బిడ్డ కోసం వెతికినట్టు వెతికారు. అక్క నిజంగానే ఏడ్చేసింది. ఆమెకి ఏడుపు చాలా తొందరగా వచ్చేది.

రెండో గుంటకే అక్కాచెల్లెళ్ళు లెక్కకి అందకుండా పోయారు. మిగిలింది నేనూ పొడుగు జడల పిల్లా. మొదటి గుంటలో నాకు ఏడు దెబ్బలు పడితే ఆమెకి ఎనిమిది. రెండో దాంట్లో నాకు ఆరు, ఆమెకి ఏడు. మూడో దాంట్లో నాకు తొమ్మిది, ఆమెకి పది. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్ళదే గెలుపు కాబట్టి నేను గాల్లో తేలిపోతున్నాను.

నాలుగో గుంట దగ్గర నాకు సంగతి అర్థమైంది. ఆమె రెండు దెబ్బల్లో గుంట పక్కకి వచ్చేసింది. అక్కడ ఆగి, నేను ముళ్ళలో పడి లేచి చేరుకునే దాకా నిలబడింది. నేను ముగించాక, బంతిని గుంటకి అటూ ఇటూ దాటించి, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, నాకంటే సరిగ్గా ఒక్క దెబ్బ ఎక్కువలో లోపల వేసింది.

అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఐదో గుంటలోనూ నోరు మూసుకున్నాను. టీవీ మీద ఖాళీ చేసిన చోటు కళ్ళముందు కనబడుతోంది మరి. ఇంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఆరో గుంటలో నాకు పదకొండు పడ్డాయి. అంత దరిద్రంగా నా జన్మలో ఆడలేదు. పాపం ఆ పిల్ల, గుంటకి జానెడు దూరంలో, ఎండలో నిలబడి, పన్నెండు చెయ్యడానికి నానా తంటాలూ పడింది. పదో దెబ్బకి పొరపాటున బంతి లోపలికి దొర్లబోతే కాలు అడ్డం పెట్టబోయి ఆగింది. భయంతో ముఖం పాలిపోయింది. బంతి అంచున నిలిచాక, "హమ్మయ్య" అంది. ఇంకో దెబ్బకి దాన్ని అవతలికి దాటించి, లెక్క తప్పకుండా పన్నెండో దెబ్బకి లోపల వేసింది.

నాకు సిగ్గేసింది. నాకు సిగ్గేసినప్పుడల్లా కోపం వస్తుంది.

"ఏయ్! ఎందుకు కావాలని ఓడిపోతున్నావు?"

"మీ నాయిన చెప్పిండు గద. హీరోయిన్ కంటె మంచిగ చెయ్యొద్దని. చేస్తె మల్ల పిలవరు."

"ఎవరు హీరోయిన్?"

"నువ్వే" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

కర్ర అక్కడే పడేసి, వేపచెట్టు కింద ఫ్లాస్కు పెట్టుకుని కూచున్న నాన్న దగ్గరికి పరిగెత్తాను. "ఆ అమ్మాయిని ఆడనివ్వండి" అని అరిచాను. నాన్నకి అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన పని, వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళకి అడ్డం రాకుండా చూడటమే. "నువ్వు గెలవాలనే కదమ్మా?" అన్నారు. గెలవాలనే ఉందనీ, ఇలా మాత్రం వద్దనీ చెబుతూ ఏడ్చేశాను. నాన్న నన్ను చూశారు, దూరంగా ఎండలో నిలబడ్డ ఆ పిల్లని చూశారు. లేచి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేకేశారు.

"అమ్మాయ్! ఇక నీ ఇష్టం వచ్చినట్టు కొట్టు!"

"మల్ల పిలుస్తరా సార్?" అని అటునుంచి కేక.

"పిలుస్తా! ఒట్టు!"

అప్పటికి ఆమె నాకంటే ఆరు దెబ్బలు వెనక ఉంది. మిగిలినవి మూడు గుంటలు. నేను కూడా ప్రాణం పెట్టి ఆడాను, ఈ మాట మాత్రం నమ్మాలి. అయినా ఆ మూడింట్లో ఏడు దెబ్బలు నా దగ్గర్నుంచి లాక్కుంది. ఒక్క దెబ్బ తేడాతో కప్పు ఆమెది. మేజర్ అంకుల్ ఎవరి ఆటకి చప్పట్లు కొడుతున్నారో తెలియకుండా అందరికీ కొట్టారు. చెల్లెలు ముత్యాల దండ తీసి గాల్లోకి విసిరితే అది పొదలో పడింది. కాస్ట్యూమ్స్ వాళ్ళది కావడంతో, ఈసారి వెతకడం నిజంగానే వెతికారు. అక్క మళ్ళీ ఏడ్చింది.

తర్వాత క్లబ్బు వాళ్ళు ఫోటోకి నిలబెట్టారు. కెమెరా చూడగానే పొడుగు జడల పిల్ల కప్పుతో సహా వెనక వరసలోకి వెళ్ళిపోయి, మేజర్ అంకుల్ భుజం చాటున తల దించుకుని నిలబడింది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. అలవాటు. నాన్న వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టారు. "కెమెరా వంక చూడమ్మా" అన్నారు. బహుశా తాను తెచ్చిన మనిషికి ఆయన ఆ మాట చెప్పడం అదే మొదటిసారి.

ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కాస్త పక్కకి జరుగు. ఆ అమ్మాయి కనబడటం లేదు" అన్నారు.

ఒళ్ళు మండింది. అయినా జరిగాను.

ఆ ఫోటోలో నా ఎడమ చెవీ, జడ కొసా పడ్డాయి. కప్పు కోసం ఖాళీ చేసిన చోట, టీవీ మీద, నాన్న ఆ ఫోటోనే పెట్టారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి, ఎంతో గర్వంగా, "ఆ చెవి మా అమ్మాయిదేనండీ" అనేవారు.