ముసలయ్య పోటీ మానుకున్న ఏడాది

గల్ఫు దేశంలో, గుదైబియా పేటలో ఇస్త్రీ పని చేసే ముసలయ్య ఏటా తెలుగు సంఘం అధ్యక్ష పదవికి పోటీ చేసేవాడు, ఏటా ఓడిపోయేవాడు. తునిలో ఉన్నప్పటి నుంచీ ఎర్రజెండా పట్టిన మనిషి. తొంభై ఒకటిలో ఇరాక్ మీద బాంబులు పడుతుంటే సంఘం సభలో లేచి, "ఈ యుద్ధం మనది కాదు, చచ్చేది మనలాంటి కూలోళ్లే" అన్నాడు. అధ్యక్షుడు కేశవరావు, పెద్ద ఆఫీసరు, అప్పటికి నవ్వి ఊరుకున్నాడు. మర్నాడే, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ చెవిన వేసి ముసలయ్య ఉద్యోగం ఊడబీకించాడు. ఇంకో లాండ్రీలో పని దొరికేదాకా ముసలయ్య వాళ్ల గదిలో వీళ్ల గదిలో తలదాచుకున్నాడు. ఆ మంట మాత్రం ఆరలేదు.

తొంభై ఎనిమిది చివర్లో ఇరాక్ మీద మళ్లీ బాంబులు పడ్డాయి. అప్పుడే వచ్చిన సంఘం ఎన్నికల్లో ముసలయ్య తను నిలబడకుండా, ఇళ్లల్లో పనిచేసే సత్యకుమారిని నిలబడమన్నాడు.

"నేనా బాబాయ్? నాకెవరేస్తారు?"

"నన్ను చూస్తే అందరికీ జెండా గుర్తొస్తాదమ్మా. నిన్ను చూస్తే అక్కచెల్లెళ్లు గుర్తొస్తారు."

ఓట్ల రోజు, శుక్రవారం గది గదికీ తిరిగి, ఎన్నడూ ఓటెయ్యని కుర్రాళ్లనీ పనిమనుషులనీ హాలుకు తీసుకొచ్చాడు. కేశవరావు మీద సత్యకుమారి గెలిచింది.

కేశవరావు మొహం మాడ్చుకుని వచ్చాడు. "ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు?"

"ఇంకా లేదండి. యుద్ధం వద్దని మా అమ్మాయి తీర్మానం చదువుతాది. కూర్చుని వినండి."

అందరూ చూస్తున్నారు. కేశవరావుకి కూర్చోక తప్పలేదు. సత్యకుమారి తడబడుతూ చదివింది. ఇన్నేళ్లూ తను చెప్పాలనుకున్న ఆ మాటల్లో ముసలయ్య ఒక్కటీ వినలేదు. కందగడ్డలా ఎర్రబడుతున్న కేశవరావు మొహాన్నే కళ్లారా చూస్తూ ఉండిపోయాడు.