సంతకం లేని మనిషి మాటలు

దయ్యాలున్నాయనే వాళ్ళతో జీవితమంతా పోట్లాడినవాణ్ణి నేను. మాచర్ల దగ్గర నాపరాయి క్వారీల్లో ముప్పై ఏళ్ళు పనిచేశాను. మనిషి చచ్చిన గుంటలోకి ఎవరూ దిగకపోతే నేనే దిగి రాయి తీశాను. బడికి పోయింది రెండేళ్ళు. తక్కిన చదువంతా పాత పేపర్లతో, లైబ్రరీ పుస్తకాలతో నేర్చుకున్నదే. ఎవరినీ భయపెట్టాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా భార్య కోటమ్మ పోయి రెండేళ్ళు దాటింది. షుగరు, బీపీ. గురజాల దగ్గర మా ఊళ్ళోనే ఒక్కణ్ణే ఉంటున్నాను.

పోయిన ఎండాకాలం శిరీష అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పీహెచ్‌డీ చేస్తోంది. ప్రభుత్వ సేవలు, వైద్యం కంప్యూటర్లలోకి మారాక పల్లె జనానికి ఏం ఒరిగిందన్నది ఆమె పరిశోధన. నా చేత ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫోన్లో రికార్డింగ్ పెట్టి అడగడం మొదలుపెట్టింది.

ఇన్నాళ్ళకు అడిగేవాళ్ళు దొరికారు. కోటమ్మ మందుల చీటీలు పదేళ్ళవి దారంతో కుట్టి దాచాను. ఆసుపత్రిలో కంప్యూటర్ వచ్చాక ఆ కట్టను ముట్టుకున్నవాళ్ళు లేరు. తెర మీద ఉన్నదే జబ్బు, లేనిది లేనట్టే. ప్రతిసారీ పాత జబ్బంతా ఆమె మొదటి నుంచీ చెప్పుకోవాలి. చివరికి విసిగిపోయి చెప్పడం మానేసింది. ఇదంతా గంటసేపు చెప్పాను. మధ్యలో లేచి ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చాను.

నెలన్నర తర్వాత శిరీష టైపు కాగితాలతో మళ్ళీ వచ్చింది. రికార్డింగ్ విని టైపు చేసే ఆవిడ వేరే ఊళ్ళో ఉంటుందట. అవి నేనన్న మాటలేనని చదివి సంతకం చెయ్యాలట.

నా మాటల పక్కన ‘వ్యక్తి 1’ అని ఉంది. మూడు చోట్ల ‘వ్యక్తి 2, స్త్రీ’ అని ఉంది.

మా ఊరి నర్సమ్మ కోటమ్మ బీపీ చూడకుండానే ట్యాబులో అంకె కొట్టిందని నేనన్న చోట: “చూసింది. నువ్వే తొందరపెడితివి. అబద్ధాలు చెప్పమాక.”

పట్నం నుంచి వీడియోలో మాట్లాడిన డాక్టరమ్మ కోటమ్మ మొహమైనా చూడలేదని నేనన్న చోట: “ఆ పిల్ల మంచిదే. నన్ను చూసి నవ్వింది.”

ఇంకో చోట: “ఎండన పడొచ్చింది గదా, ముందు మజ్జిగియ్యి.”

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఆ రోజు ఇంట్లో ఇంకెవరూ లేరని చెబితే శిరీష మొహం పాలిపోయింది. “లోపల చుట్టాలెవరో ఉన్నారనుకున్నా తాతగారూ. మీరు గుమ్మం వైపు తిరిగి మాట్లాడారు గదా” అంది.

రికార్డింగ్ పెట్టించుకుని నాలుగుసార్లు విన్నాను. ఆ మాటలున్న చోట ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో చోట మాత్రం కాస్త నిశ్శబ్దం, ఆ తర్వాత నా గొంతు: “ఉండవే, చెప్పనీ.” వెంటనే కుర్చీ జరిగిన చప్పుడు. మజ్జిగ కోసం లేచానన్నమాట. ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

శిరీష టైపు చేసినావిడకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆవిడ కాస్త నొచ్చుకుంది. “వినపడిందే రాశానండీ. గుమ్మం అవతల నుంచి మాట్లాడుతున్నట్టుంది. బొంగురు గొంతు. మధ్యలో పొడిదగ్గు కూడా ఉంది, అది రాయలేదు.”

కోటమ్మది బొంగురు గొంతే. ఆఖరి ఏడాది పొడిదగ్గు ఆమెను వదల్లేదు.

వీడియో డాక్టరుకు చూపించిన రోజున కోటమ్మతో లోపల నర్సమ్మే ఉంది, నేను గది బయట ఉన్నాను. అందుకే మర్నాడు పోయి, ఆ రోజు కోటమ్మను చూసి డాక్టరమ్మ నవ్విందా అని నర్సమ్మను అడిగాను. “నవ్వకేం చేసుద్ది బాబాయ్? ‘గట్టిగా మాట్టాడు తల్లీ, చానా దూరాన ఉండావు’ అంది పిన్ని” అని తనూ నవ్వింది. ఈ సంగతి నాకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

వారం తర్వాత శిరీష మళ్ళీ వచ్చింది. ఆ మూడు మాటలూ తీసెయ్యాలంది. రెండో వ్యక్తి ఒప్పుకోలు సంతకం లేదు గనక ఉంచకూడదట.

నాకు ఒళ్ళు మండింది. “బతికుండగా ఆమె మాట రాసుకున్న ఆఫీసు లేదు. ఇప్పుడు కాగితం మీదికొస్తే అదీ కొట్టేస్తావా అమ్మాయ్?”

ఆ పిల్ల తల వంచుకుంది. “ఉంచితే మా సార్ మొత్తం ఇంటర్వ్యూనే పక్కన పెడతారు తాతగారూ. అప్పుడు మామ్మగారి చీటీల సంగతి కూడా ఎవరూ చదవరు.”

ఆ చీటీల సంగతి ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ మాటలు తీసేసిన కాగితాల మీద సంతకం పెట్టాను. ఆ మూడు మాటలున్న మొదటి కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. పని అయ్యాక రికార్డింగ్ ఉంచకూడదట, నా ముందే తుడిచేసింది.

మధ్యాహ్నాలు ఫ్యాను కట్టేసి కూర్చుంటున్నాను. ఆమెకు కోపమొచ్చే మాట ఏదో ఒకటి పైకి అంటాను. నర్సమ్మను తిడతాను, అబద్ధాలు కూడా ఆడతాను. ఆమె అందుకునేంత సేపు ఆగుతాను. ఏమీ వినపడదు.

అదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నలభై ఏళ్ళు విన్న గొంతు నాకు వినపడకుండా, ఆమె ఎవరో కూడా తెలియని మనిషికి ఎందుకు వినపడిందో అంతకన్నా తెలియదు.