తడి మీద పూత వెయ్యని హేమావతి

హేమావతికి మొండిమనిషి అని పేరు. ఆ పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, తప్పు ఒప్పుకుంటున్నాను. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద నాది పంక్చరు అంగడి, పక్కనే ఆమె షెడ్డు. బండిని జాకీ మీద లేపి, అడుగున తుప్పు గీకి, మళ్లీ పట్టకుండా పూత వెయ్యడం ఆమె పని. గొర్రెలు మేపే ఇంట్లో పుట్టిన ఆడమనిషి లారీ కింద వెల్లకిలా పడుకుంటే, మొదట్లో జనం టీ గ్లాసులు పట్టుకుని నిలబడి చూసేవాళ్లు. "సూసింది సాలు, పోండప్పా" అని కిందినుంచే అరిచేది.

మావాళ్లకు ఒక జబ్బు ఉంది. ఏడాదంతా బండి అడుగుకేసి వంగి చూడరు. ఆయుధపూజ ముందురోజు మాత్రం పైపు పెట్టి కడిగి, ఆ తడి మీదే నల్లరంగు కొట్టించి, తళతళలాడే బండికి గుమ్మడికాయ దిష్టి తీస్తారు. లోపల చిక్కుకున్న నీళ్లు ఇనుమును తింటూనే ఉంటాయి. హేమావతి తడి బండిని ముట్టదు.

మొన్న పండగకు ముందురోజు చెంగల్రాయుడు వచ్చాడు. షెడ్డు స్థలం ఆయనదే. పదేళ్లు టమాటా తోలిన వ్యానును ఇల్లుగా మార్చాడు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, అన్నీ అందులోనే. తల్లి అంజమ్మను ఎక్కించుకుని కుప్పం మీదుగా ఊళ్లు తిరగాలని ముచ్చట. ముచ్చట మంచిదే. కానీ చితికిన టమాటాల పులుపు నీళ్లు ఏళ్ల తరబడి కారిన బండి అది.

"ఈ పొద్దే పూత కొట్టమ్మా. రేపు పూజ కాగానే బయల్దేరాల."

"తడిగా ఉండాది కదన్నా. మూడు దినాలు ఎండాల, తుప్పు గీకాల. అప్పుడే కొడతా."

"నా స్థలంలో ఉండి నాకే కుదరదంటావా? అయితే షెడ్డు ఖాళీ చెయ్యి."

"చేస్తా. తడి మీద మాత్రం కొట్టను."

ఆయన పోయాక నేను నచ్చజెప్పబోయాను. "ఈ ఒక్కసారికి కొట్టేసుంటే పోయేది గదమ్మా. నోటికాడి కూడు యాల చెడగొట్టుకుంటావు?"

"ఆ మంచం మీద పడుకునేది ముసలవ్వ గదప్పా" అంది. నాకు సిగ్గేసింది.

చెంగల్రాయుడు ఇంకోచోట రంగు కొట్టించుకున్నాడు. మర్నాడు కావాలనే బండిని ఆమె షెడ్డు ముందుకే తెచ్చి పూజ చేయించాడు. గుమ్మడికాయ పగిలింది. అంజమ్మ ఎక్కి మంచం మీద కూర్చుంది. సామాన్లు సర్దుకుంటున్న హేమావతి సుత్తి పట్టుకుని బయటికొచ్చింది. పండగ చీరతోనే బండి కింద దూరి, మంచాన్ని మోసే ఇనుప దూలం మీద ఒక్కటేసింది. నల్లరంగుతో పాటు తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలింది. మూడో దెబ్బకు సుత్తి లోపలికి దిగబడింది.

"పండగ పూట నా బండిని కొడతావా!" అని చెంగల్రాయుడు మీదికొచ్చాడు.

అంజమ్మ దిగింది. వంగి, ఆ బొక్కలో వేలు పెట్టి చూసింది. "దీని మీదనా నన్ను కూర్చోబెట్టినావు?" అని కొడుకును అడిగింది. ఆనక హేమావతి వైపు తిరిగింది.

"ఎన్ని దినాలు పడతాది పాపా?"

"దూలమే మార్చాలవ్వా. వారం."

"ఖాళీ చెయ్యమన్నోణ్ని ముందు నన్ను ఈడినుంచి లేపమను" అని ఆ ముసలామె షెడ్డు వాకిట్లో చతికిలబడింది.

వారం దినాలూ పొద్దున్నే వచ్చి అక్కడే కూర్చుంది. మధ్యాహ్నం అన్నం క్యారియరు అక్కడికే వచ్చేది. తెచ్చేది చెంగల్రాయుడే, హేమావతికి కూడా కలిపి.