నాయనమ్మ చేతి వాము కషాయం

ఆరోగ్యప్రదాత అయిన సూర్యభగవానుని తలచుకొని, మాఘ శుద్ధ సప్తమి నాడు ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము నరసాపురం రేవుకు ఎదురుగా, గోదావరికి ఈవలి ఒడ్డున ఉన్న పల్లెలో ఉండేవాళ్ళం. మా ఇంట వైద్యమంతా నాయనమ్మ పోపులపెట్టెలోనే ఉండేది. తాతయ్యకు వయసు మీదపడుతున్నకొద్దీ ఆమె ఆయన విస్తరిని మార్చుకుంటూ వచ్చింది. మొదటి ముద్ద నేతితో కలిపిన శొంఠిపొడి. చారులో మిరియం ఘాటు కాస్త ఎక్కువ. పడుకోబోయే ముందు పసుపు వేసిన పాలు. ఆ వయసులోనూ ఆయన ఆకలి, అరుగుదల చెడలేదంటే అది ఆమె చేతి చలవేనని ఊరంతా అనేది. ఆ మాట నాయనమ్మకు ఎంత ఇష్టమో తాతయ్యకు తెలుసు.

ఒకనాడు ఆవపెట్టిన పనసపొట్టు కూరతో భోజనం ముగించిన తాతయ్య, గుండెల మీద చెయ్యి వేసుకొని వాలుకుర్చీలో కూర్చున్నారు. బరువుగా ఉందన్నారు. నాయనమ్మ వాము దంచి, సైంధవలవణం వేసి, కషాయం కాచి తెచ్చింది.

"తగ్గిందాండీ?"

"నీ చేతి వాము పడ్డాక తగ్గకపోవడానికి దానికెన్ని గుండెలే?"

"పొగడ్తలకేం గాని, నిజం చెప్పండి."

"తగ్గిందన్నాను కదుటే. వెళ్ళి నాలుగు మెతుకులు తిను."

ఆమె మురిసిపోతూ వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి తాతయ్య ఉత్తరీయం చెమటతో తడిసిపోయి ఉంది. మొదటినుంచీ తగ్గలేదనీ, ఆమె చిన్నబుచ్చుకుంటుందని చెప్పలేదనీ ఆయన మెల్లగా అన్నారు. వైద్యుడు ఆవలి ఒడ్డున. మంచం మీద మోసుకొని రేవుకు వెళ్ళేసరికి, మనుషులను దాటించే పంటు నది మధ్యకు చేరింది. అది మళ్ళీ ఈ ఒడ్డు తాకకముందే తాతయ్య కాలం చేశారు.

ఆ పంటు అందుకొని ఉంటే బ్రదికేవారో లేదో ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నాయనమ్మను జీవితాంతం తినివేసింది. అయినా ఆమె పోపులపెట్టెను పక్కన పెట్టలేదు. కొంతకాలానికి నాకు దగ్గు పట్టుకుంటే మిరియాల కషాయం ఇచ్చింది. ఆమెను సంతోషపెట్టాలని నేను వెంటనే తగ్గిందన్నాను. ఆమె నా గడ్డం పట్టుకుంది.

"నా మొహం చూసి చెప్పకురా. నీ ఒళ్ళు చూసుకుని చెప్పు. తగ్గకపోతే నాకేం నామోషీ లేదు, డాక్టరుగారున్నారు."

అంత ప్రేమ గల మనిషి ఒక్క చిన్న అబద్ధంతో, తాను నొప్పించకూడదనుకొన్న మనసునే అందరికంటె ఎక్కువ నొప్పించారన్నది ఈనాటికీ నన్ను వదలని విచారం. నాకూ తాతయ్య వయసు వచ్చింది. శొంఠి, మిరియం, వాము నాకూ మేలే చేస్తున్నాయి. అవి చేయలేనిదేదో చెప్పవలసింది మాత్రం నా నోరే.

మొన్న పుష్య బహుళ పంచమి నాడు గుండెల్లో బరువనిపిస్తే, మా కోడలు గబగబా వాము కషాయం కాచి ఇచ్చింది. తగ్గలేదమ్మా అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ పూటే నన్ను ఆసుపత్రిలో చేర్చారు. ఏకాదశి నాడు ఇంటికి వచ్చాను.