చప్పుడు లేని బొమ్మ

టీవీ నాది, యాంటెన్నా నాదే. కానీ అది నిలబడింది మాత్రం కాక ఇంటి మీద. కాక అంటే మా నాన్నకు వరుసకు తమ్ముడు, మా పక్కిల్లే. మాది పెంకుటిల్లు. వానకు నానే మట్టిగోడలు అంత పొడవు ఇనుప పైపును ఎక్కడ మోస్తాయి? కాకది స్లాబు ఇల్లు. వరంగల్లులో టీవీ టవర్ వచ్చాక, కాజీపేటలో రైల్వే కొలువు చేస్తున్నానన్న గర్వంతో నేను టీవీ కొనుక్కొచ్చినప్పుడు, నేను అడగకముందే తన ఇంటి మీద పెట్టుకొమ్మన్నాడు. గాల్లో వచ్చే బొమ్మ, పైసా ఖర్చు లేదు, అంతా ఫుకట్ అని ఊరంతా చెప్పుకు తిరిగాను.

నిజానికి ఆ ఫుకట్ బొమ్మ వెనక కాక ఉన్నాడు. మా ఊరికీ టవర్‌కూ మధ్య గుట్ట అడ్డం. గాలి కాస్త విసిరితే చాలు, పైపు తిరిగిపోయి తెరంతా చీమలు పారేవి. ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వేళకు మా వాకిలి నిండా జనం చేరేవాళ్లు. కాక తన మెట్లెక్కి పైపు తిప్పేవాడు. నేను గుమ్మంలో నిలబడి అరిచేవాణ్ని. నాకసలే నోటి దురుసు. "అటు గాదు కాకా, చెప్తే సమజ్ గాదా" అని పదిమందిలో కసురుకున్న రోజులున్నాయి. అంత పెద్దవాడు, నన్ను ఒక్క మాట అనేవాడు కాదు. బొమ్మ కుదిరాక దిగివచ్చి, అందరి వెనకా చోటు దొరికిన దగ్గర కూర్చునేవాడు. ఆయనకు ముందు ఇంత చోటు ఉంచాలన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఒక ఆషాఢంలో కాక పోయాడు. ఛాతీలో నొప్పి అంటే వరంగల్ పెద్ద దవాఖానకు జీపులో బయలుదేరాం. దారిలోనే అయిపోయింది. కాకకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. దినాలయ్యేదాకా చుట్టాలు ఉన్నారు. ఆ తర్వాత నాట్లున్నాయని ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఇంట్లో చిన్నమ్మ ఒక్కతే మిగిలింది.

మా అమ్మ టీవీ మీద పాత చీర కప్పింది. పక్కింట్లో మనిషి పోతే మనింట్లో పాటలేమిటని, మాసికం పెట్టేదాకా దాన్ని ముట్టొద్దని చెప్పింది. మా దగ్గర పద్ధతులు అలాంటివి. పొద్దుగూకాక ఆ గడప తొక్కకూడదు. పగలు పనిమీద వెళ్లినా, తిరిగొచ్చేటప్పుడు వెళ్లొస్తానని చెప్పకూడదు. ఊరివాళ్లూ అది సబబే అన్నారు. నేనూ తలూపాను. కానీ ఆదివారం సాయంత్రమయ్యేసరికి కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ని. కాక లేడన్న బాధ కంటే సినిమా పోతోందన్న బాధే నాకు ఎక్కువగా ఉండేది. ఆ సంగతి నాకు తెలుసు కూడా.

మాసికం ఇంకా రానేలేదు, ఒక ఆదివారం మా వాకిట్లో నలుగురు చేరి పనేమీ లేకున్నా కదలకుండా నిలబడ్డారు. ఎందుకొచ్చారో నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. అమ్మ చాలాసేపు గునిసి చివరికి ఒప్పుకుంది. తలుపులు వేసుకోవాలి, చప్పుడు పూర్తిగా తగ్గించాలి, బొమ్మ మాత్రమే చూడాలి. పోయినవాళ్లకు మర్యాద, ఉన్నవాళ్లకు సినిమా, రెండూ దక్కాయని సంబరపడ్డాం.

తీరా చీర తీసి టీవీ పెడితే తెర నిండా చీమలే. ఇన్నాళ్ల గాలికి పైపు ఎటో తిరిగిపోయింది. మెట్లేమో చిన్నమ్మ వాకిట్లో ఉన్నాయి. సినిమా కోసం ఆ వాకిట్లోకి పోయే మొహం ఎవరికీ లేదు. అందరూ నా వైపు చూశారు. నేను వెనక గోడ పట్టుకుని దొంగలా ఆ స్లాబు మీదికి పాకాను. అరవడానికి లేదు కాబట్టి మా కిటికీలోంచి ఒకాయన చెయ్యి ఊపి సైగలు చేస్తున్నాడు. పైపు అంతా తుప్పు పట్టి ఉంది, ఒక్క చోట మాత్రం నున్నగా ఉంది. అది కాక చెయ్యి వేసే చోటు. అక్కడే పట్టుకుని తిప్పాను. ప్రాణం చివుక్కుమంది.

గోడ దిగబోతుంటే కింద చిన్నమ్మ నిలబడి ఉంది. పైన అడుగుల చప్పుడు విని బయటికొచ్చినట్టుంది. తీగ ఊడిందేమో చూడ్డానికి ఎక్కానని అబద్ధమాడాను. తిడుతుందనీ, ఏడుస్తుందనీ రెంటికీ సిద్ధపడి గోడ మీదే ఆగిపోయాను. ఆమె తిట్టలేదు, టీవీ పెట్టారా అని అడిగింది. అవునన్నాను. ఏమాత్రం చప్పుడు రాకుండా పెట్టామని, బయటికి వినపడదని తలవంచుకుని సంజాయిషీ చెప్పుకున్నాను.

"సప్పుడు వెట్టు బిడ్డా," అంది చిన్నమ్మ. "మీ ఇంట్ల సప్పుడు బందయిన కాన్నుంచి, పొద్దుగూకితె భయమైతాంది. ఊర్ల నేను తప్ప ఎవ్వలు లేనట్టుంటాంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ మేము మర్యాద అనుకుని చేసిందంతా ఆమెను చీకట్లో ఒంటరిగా వదిలెయ్యడమే. అది మా ఊళ్లో ఒక్కరికీ తోచలేదు.

ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ తలుపులు బార్లా తీసి, పొద్దుగూకిందని కూడా చూడకుండా చిన్నమ్మ గడప తొక్కింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లారు. నేను చప్పుడు పూర్తిగా పెంచి తెర ముందు కూర్చున్నాను. ఇక ఆ సినిమా చూడాలని లేదు, ఆపడానికీ లేదు.