మూతితో చూపించిన దేశం

ఆ రోజుల్లో మా రాయచోటి పక్క ఆడవాళ్ళకు మూతితో మూడు పనులుండేవి: తినడం, మాట్లాడడం, తిప్పడం. మూడో పనికి మా ఇంటి ఆడవాళ్ళు పెట్టింది పేరు. మా మేనత్త ఒక పెళ్ళిలో ఒక్కసారి మూతి తిప్పితే వియ్యాలవారు భోజనాలు మానేసి బండెక్కిన సందర్భం ఉంది (ఆవిడ మాత్రం అది పంటినొప్పి అని చివరిదాకా బుకాయించింది). అట్లాంటి ఇంట్లో పుట్టి, వయసు ఇరవై దాటీ దాటకముందే కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన నాకు, మూతికి నాలుగో పని కూడా ఉందనీ, ఆ పనితో ఒక పిల్ల తన తల్లిని చేరుకుంటుందనీ ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళకే మూతి తిప్పి ఉండేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

నన్ను కువైట్‌కు తెచ్చింది మా చిన్నాయన. షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు. ఎంత తోమినా పోని గ్రీజు చేతులు, ఎంత కోపమొచ్చినా లేవని గొంతు ఆయనవి. నేను పనిచేసే ఇంటి యజమానురాలిని అందరిలాగే మామా అని పిలిచేదాన్ని. మామాకు మంచం పట్టిన అత్తగారు, ఆ ముసలామెను చూసుకోవడానికి ఇంట్లోనే ఉండే ఫిలిప్పీన్స్ నర్సు, ఆ నర్సుకు పదిహేడేళ్ళ కూతురు. ఆ కూతురు కువైట్‌లోనే పుట్టి, ఆ ఇంటి వెనక గదుల్లోనే పెరిగింది. ముసలామెను "యుమ్మా" అంటూ, అంటే అమ్మా అంటూ, ఆమె మంచం మీదే పాకుతూ పెద్దదైంది. చిన్నప్పుడు తల్లి తన భాషలో ఏదైనా అడిగితే అరబ్బీలో జవాబిచ్చేదట; చివరికి తల్లే అరబ్బీకి మారిపోయింది, పిల్లకు ఆ భాష లేకుండా పోయింది. మాట, యాస, అలగడం, ఆఖరికి వేళ్ళతో అన్నం ముద్ద చేసే తీరు కూడా ఆ ఇంటి పిల్లలదే. మీ దేశం ఎట్లా ఉంటుందే అని నేనొకసారి అడిగితే చాలాసేపు ఆలోచించి, "వానలు పడతాయంట" అంది. ఆ "అంట" విని నాకు నవ్వొచ్చింది. కువైట్ గురించి మా ఊళ్ళో అందరూ "బంగారం దొరుకుతాదంట" అనే తీరు అదే మరి.

మా ఇద్దరికీ మొదటిరోజే చెడింది. కొత్తగా వంటింట్లోకి వచ్చి, బియ్యం ఎక్కడ అని చేతులు తిప్పుతూ అడిగాను. ఆ పిల్ల తలెత్తి, పెదాలు రెండూ ముందుకు సాచి, ఒక పక్కకు విసిరినట్టుగా నాకు మూతి తిప్పింది! నా ఒళ్ళు మండింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మూతి, ఈసారి ఇంకొంచెం పొడుగ్గా. భోంచేశావా అని మర్యాదకు అడిగితే కనుబొమ్మలు రెండూ ఎగరేసింది. మా ఊళ్ళో ఆ పని మగవాడు చేస్తే తన్నులు, ఆడపిల్ల చేస్తే వీపు విమానం మోత. శుక్రవారం చిన్నాయన చూడడానికి వస్తే ఫిర్యాదు చేశాను.

"చిన్నాయనా, ఆ మూతిపిల్ల నన్ను చూస్తే చాలు మూతి తిప్పతాంది. నేనేం తక్కువ తిన్యానా?"

"చిన్నపిల్ల గదమ్మీ, పోనీలే. నువ్వు గూడా తిప్పొద్దు. కొలువు పోతాది."

తిప్పొద్దన్నాక ఆగడం మా రక్తంలో లేదు. మర్నాడు ఆ పిల్ల ఎదురుపడగానే మా మేనత్తను మనసులో తలుచుకుని, నా శక్తినంతా పెదాల్లోకి తెచ్చుకుని, ఎడమపక్కకు ఒక్క తిప్పు తిప్పాను. ఆ దెబ్బకు మా ఊళ్ళో అయితే రెండిళ్ళ మధ్య మాటలు తెగిపోయేవి. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నారు? నేను తిప్పిన వైపు చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. దగ్గరికి వెళ్ళి గోడను తడిమి చూసింది. ఫ్రిజ్ వెనకాల వంగి వెతికింది. వెతికి వెతికి, నా వైపు తిరిగి "షినో?" అంది, ఏమిటది అని. అప్పుడు తల్లి వచ్చి, పొట్ట పట్టుకుని నవ్వుతూ, వచ్చీరాని హిందీలో విడమరిచి చెప్పింది. వాళ్ళ దేశంలో వేలు చూపడం మర్యాద కాదట. ఏది ఎక్కడుందో పెదాలతోనే చూపిస్తారట. కనుబొమ్మలు ఎగరేస్తే అవునని అర్థమట. నేను బియ్యం ఎక్కడ అని అడిగిన రెండుసార్లూ ఆ పిల్ల సరిగ్గా బియ్యం డబ్బా వైపే చూపించింది పాపం.

ఆ తర్వాత మేమిద్దరం విడదీయరాని జంటమయ్యాం. ఆ పిల్ల నా దగ్గర మా తెలుగు నేర్చుకుంది. ఆ మూతినుంచి "తిన్యావా అక్కా?" అని వింటే నాకు రాయచోటి బస్టాండు కళ్ళకు కట్టేది. నేను ఆమె దగ్గర నేర్చుకున్నది మూతి ఒక్కటే (రెండు చేతులూ పిండిలో ఉన్నప్పుడు అంత పనికొచ్చే విద్య ఇంకోటి లేదని వంట చేసేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు).

అట్లా ఉండగా ఒక ఎండాకాలం ముసలామెకు వైద్యమని ఇంటిల్లిపాదీ లండన్ వెళ్ళారు. మా పాస్‌పోర్టులు మామా భర్త బీరువాలో (ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం), తాళంచెవి బాబా జేబులో. వాళ్ళు పోయేముందు తల్లికి మాత్రం తన దేశం పోయిరావడానికి సెలవూ పాస్‌పోర్టూ ఇచ్చారు. కూతుర్ని కూడా రమ్మని బతిమాలింది. "నాకు ఆడ ఎవురు తెలుసు? నేను రాను" అని పిల్ల మొండికేసి గది తలుపు వేసుకుంది. తల్లి ఏడుస్తూ ఒక్కతే విమానమెక్కింది. ఆగస్టు రాగానే ఒక తెల్లవారుజామున మా కిటికీలు గడగడమన్నాయి. ఏసీ పాడైందనుకుని నేను దాన్ని ఒక్కటి తట్టాను. ఆగలేదు. మిద్దెక్కి చూస్తే వీధి చివర యుద్ధట్యాంకులు వరసగా పోతున్నాయి. అంత పెద్దవి, ఇంటి గోడలంత ఎత్తువి, తారు రోడ్డును దున్నుకుంటూ. అంతకుముందు నేను చూసిన పెద్ద బండి రోడ్డు రోలరే. భయపడాలని కూడా తోచలేదు, పిట్టగోడ పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాను. పక్కన ఆ పిల్ల మాత్రం ఒకటే మాట అంది: "మా ఊళ్ళోకి ఎవురో వచ్చినారు అక్కా."

ఫోన్లు చచ్చిపోయాయి. తల్లికి బిడ్డ బతికుందో లేదో తెలియదు. పక్కింటి కువైటీ కుర్రాళ్ళను బాగ్దాదు నుంచి దండెత్తి వచ్చిన సైనికులు తీసుకుపోయారని విన్నాం. కువైటీ యాస వినబడితే చాలు బండ్లు ఆపి ఆరా తీస్తున్నారన్నారు. ఈ పిల్ల నోరు విప్పితే వచ్చేది ఆ యాసే. మేం ఇంట్లోనే ఉండి నిల్వ ఉన్న బియ్యం, పప్పు వండుకుని తింటూ ఉండగా ఒక మధ్యాహ్నం చిన్నాయన గ్యారేజీ పికప్ వేసుకుని వచ్చాడు.

"మ్మే, ఫిలిప్పీనోళ్ళకు బస్సులు కట్టినారంట. బాగ్దాదు మీద నుంచి జోర్డాన్‌కు పోయి, ఆడ నుంచి విమానం. ఈ పొద్దుదే ఆఖరి బస్సంట. పిల్లను ఆడ అప్పజెప్తే వాళ్ళమ్మ దగ్గరికి పోతాది. యల్లా, లెయ్యండి."

"నేను పోను" అంది పిల్ల. "ఇదే నా ఇల్లు."

చిన్నాయన ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఇల్లు యాడికీ పోదు తల్లీ. మీయమ్మ ఆడ అన్నం ముట్టకుండా ఉంటాది. అది సూడు."

ఆ మాటకు లేచింది. దోవలో తినమని ఒక చిన్న గిన్నెలో పులిహోర కట్టిచ్చాను. పికప్‌లో ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని చిన్నాయన మరీ మరీ చెప్పాడు: "నోరు తెరిచినావంటే మన ముగ్గురి పనీ ఖలాస్. మూగదాని మాదిరి ఉండు." దజీజ్ గోదాముల మీదుగా పోయాం. తలుపులు ఊడిపోయి ఉన్నాయి, ఖాళీ అట్టపెట్టెలు రోడ్డంతా దొర్లుతున్నాయి. అన్నేళ్ళు సందడిగా ఉన్న చోట గాలి చప్పుడు ఒక్కటే. అంత పెద్ద ఊరు అంత తొందరగా మూగబోతుందని నాకప్పటిదాకా తెలియదు.

మలుపులో తనిఖీ. సైనికుడు చిన్నాయనను చూసి, హింద్ అని విని, ఏదో హిందీ పాట ముక్క కూనిరాగం తీసి నవ్వాడు. తర్వాత పిల్ల ముఖంలోకి చూసి అరబ్బీలో అడిగాడు: "నువ్వు ఏ దేశం?" పిల్ల పెదాలు బిగించుకుంది. వాడు గట్టిగా మళ్ళీ అడిగాడు. అప్పుడు ఆ పిల్ల, దేవుడా, పెదాలు మెల్లగా ముందుకు సాచి కిందికి, కాళ్ళ కింది రోడ్డు వైపు చూపించింది. ఇదే నా దేశం అంటోంది! అది నాకు అర్థమైంది. సైనికుడు ఆ మూతిని అటూ ఇటూ పరీక్షగా చూసి, దీనికేమైంది అన్నట్టు చిన్నాయన వైపు తిరిగాడు.

"మరీదా, మరీదా" అన్నాడు చిన్నాయన, జబ్బు మనిషని, తన మూతిని కూడా వంకరగా పెట్టి చూపిస్తూ. సైనికుడు ఒక అడుగు వెనక్కి వేసి చెయ్యి ఊపేశాడు. బండి కొంతదూరం పోయేదాకా ముగ్గురం ఊపిరి పీల్చలేదు. పీల్చాక చిన్నాయన మూతి వంకర చూసి నేను నవ్వడం మొదలుపెట్టాను, నవ్వుతూనే ఏడ్చాను.

బస్సులు నిలిచిన చోటు ఒక బడి ఆవరణ. లోపలికి అడుగుపెట్టి అట్లాగే నిలబడిపోయాను. ఎటు చూసినా జనం. మూటలు, పెట్టెలు, చంకలో పిల్లలు. ఒక్కరూ చెయ్యి ఎత్తడం లేదు! నీళ్ళెక్కడ అంటే మూతి. మీవాళ్ళెక్కడ అంటే మూతి. బస్సు వచ్చిందా అంటే కనుబొమ్మలు. ఒక ఆవరణ నిండా మూతులు అటూ ఇటూ సాగుతున్నాయి, మనుషులు వాటి వెంట సరిగ్గా నడిచిపోతున్నారు. మా వెనక గదుల్లో ఒక్క పిల్ల అలవాటుగానే నేను చూసింది, తల్లి అన్నట్టే, ఒక దేశం మొత్తానిది.

గేటు దగ్గర ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ మనుషుల్ని సరిచూసి బస్సెక్కిస్తోంది. ఆఖరి బస్సు కదా, వాళ్ళవాళ్ళు కానివాళ్ళు కూడా ఎక్కాలని చూస్తున్నారట. ఆవిడ పిల్లను తన భాషలో ఏదో అడిగింది. పిల్ల బిక్కముఖం వేసి "షినో?" అంది. ఆవిడ ముఖం ముడుచుకుంది. మీ అమ్మది ఏ ఊరు అని ఇంగ్లీషులో అడిగింది. తెలియదు. ఒక్క ముక్క మన భాషలో మాట్లాడు అంది. పిల్ల కంగారుగా నా వైపు చూసి, "ఏం చెప్పాల అక్కా?" అంది అచ్చమైన రాయచోటి తెలుగులో. అంతే, అయిపోయింది. టోపీ ఆవిడ తల అడ్డంగా ఊపి వెనకవాళ్ళను పిలిచింది. చిన్నాయన హిందీ, అరబ్బీ, తెలుగు కలిపి బతిమాలుతున్నాడు: "అల్లాతోడు, దేవునితోడు, వీళ్ళమ్మ నర్సు మేడం!" డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు.

"చూసినావా అక్కా" అంది పిల్ల. "ఆడ ఆ సిపాయి నీది ఏ దేశం అంటాడు. ఈడ వీళ్ళు మా దేశం కాదంటారు. ఇంటికి పోదాం పా."

టోపీ ఆవిడకు జాలేసినట్టుంది. వరస నుంచి తల తిప్పి, ఇంతకీ నిన్నిక్కడికి ఎవరు తీసుకొచ్చారమ్మా అని అడిగింది. పిల్ల రెండు చేతుల్లోనూ సంచి ఒకటి, నా పులిహోర గిన్నె ఒకటి. కళ్ళనిండా నీళ్ళు. ఆలోచించే ఓపిక లేదు. పెదాలు రెండూ వాటంతట అవే ముందుకు సాగి, నా వైపు తిరిగాయి.

టోపీ ఆవిడ చేతిలో పెన్ను అట్లాగే ఆగిపోయింది. "ఎవరు?" అంది మళ్ళీ, నెమ్మదిగా. మళ్ళీ మూతి, ఇంకొంచెం పొడుగ్గా. సరిగ్గా నాకు మొదటిరోజు బియ్యం డబ్బా చూపినట్టే. ఆవిడ ముఖం వెలిగిపోయింది. వెనకవాళ్ళకేసి తిరిగి ఏదో గట్టిగా అంది. ఆవరణలో నవ్వులు పుట్టి, ఏడుపులు కలిసి, నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి పిల్లను వాటేసుకున్నారు. భాష మరిచిపోయింది, ఊరు తెలియదు, చూడనైనా చూడలేదు. ఆ దేశం మాత్రం తల్లి ముఖంలోంచి ఈ పిల్ల పెదాల మీదికి ఎప్పుడో నడిచొచ్చి, అడిగేవాళ్ళు అడిగేదాకా కూర్చుని ఉంది. అంత వింత నేను మళ్ళీ చూడలేదు.

ఆ హడావిడిలో ఒకామె వచ్చి పిల్ల పెట్టె ఎక్కడ అని నన్నడిగింది. నేను మూతితో పికప్‌ను చూపించాను. ఆమె ఎంతో ప్రేమగా నా చెయ్యి పట్టుకుని నన్ను కూడా బస్సెక్కించింది (నా ముక్కుపుడక, నా రంగు, నా నూనె జడ ఆమెకు కనిపించనే లేదు). నేను ఎందుకెక్కానో నాకే తెలియదు. ఖాళీగా ఉన్న సీట్లో కూర్చున్నాను కూడా. కిటికీ కింద చిన్నాయన కేక:

"ఒమ్మీ! నువ్వు యాడికి పోతాండావే? దిగు!"

బస్సంతా గొల్లుమంది. దిగేముందు ఆ పిల్ల నా నడుం పట్టుకుని వదల్లేదు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. మూతి సాచి నన్ను చూపిస్తూ పక్కనామెకు ఏదో చెబుతోంది. కనబడినంతసేపూ చెబుతూనే ఉంది. కొన్నాళ్ళకు మన రాయబార కార్యాలయంవాళ్ళు పాస్‌పోర్టు బదులు రాసిచ్చిన కాగితం పట్టుకుని నేనూ చిన్నాయనా బస్రా మీదుగా అదే దోవన వచ్చేశాం.

ఈమధ్య మామా కూతురి దగ్గర నా నంబరు పట్టుకుని ఆ పిల్ల వీడియోలో ఫోన్ చేసింది. పిల్లేమిటి, నాలాగే నెరిసిన జుట్టు. మొదటి మాట "తిన్యావా అక్కా?" తల్లిని చివరిదాకా దగ్గరుండి చూసుకుందట. ఇప్పుడు వాళ్ళ భాష గడగడా వస్తుందట, అయినా వీధిలో అందరూ ఆమెను అరబ్బీ ఆంటీ అనే పిలుస్తారట. బయట వాన పడుతోందని కిటికీ వైపు మూతి చూపింది. "అంట" అనకుండా చెప్పింది. తర్వాత, "చిన్నాయన యాడ?" అంది.

పెదాలు వాటంతట అవే గోడ వైపు సాగాయి. గోడ మీద చిన్నాయన ఫోటో ఉంది, ఫోటోకు దండ ఉంది. ఫోను అటు తిప్పాలని కూడా నాకు తోచలేదు. ఆమె మాత్రం తెరలోంచే అటు తల తిప్పి, కనబడదని తెలిసీ, చాలాసేపు అటే చూసింది. చూసి కళ్ళు తుడుచుకుంది.

వంటింట్లోంచి కోడలు గరిటె పట్టుకుని వచ్చింది. "ఏం అత్తా, మళ్ళా ఎవురికి మూతి తిప్పతాండావు?"

ఎవరికీ కాదులేమ్మా అన్నాను. నమ్మలేదు. మా ఇంట్లో నేను మూతి తిప్పానని అలిగేవాళ్ళే గానీ, తిప్పిన వైపు చూసేవాళ్ళు ఇప్పటికీ లేరు. సముద్రాల అవతల ఒక్కతి ఉంది.