నది ఒడ్డు విమానాశ్రయం

నేను బడి మెట్టు ఎక్కలేదు. తెలుగు ఇంట్లోనే దిద్దుకున్నాను. ఇక్కడ గల్ఫ్‌కు వచ్చాక, మీనా సల్మాన్ రేవు గోదాములో పెట్టెల మీద అచ్చు వేసిన రేవుల పేర్లు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. బ్యూనస్ ఎయిర్స్ అన్న పేరు ముప్పయ్యేళ్లుగా అలా తెలుసు. గుదైబియాలో నా గదిలోనే ఉండే వెల్డరును అతని కంపెనీ ఓడ మరమ్మతుకని ఆ ఊరి మీదుగా పంపుతుంటే, టికెట్టు నేనే చదివిపెట్టాను. చదివి మండిపడ్డాను. అతడు దిగేది ఊరి బయటి విమానాశ్రయంలో. ఓడ ఉన్న దక్షిణపు రేవుకు విమానం ఎక్కవలసింది మరోదానిలో, ఊరికి ఆ చివర, నది ఒడ్డున. మధ్యలో ఉన్నది ఐదు గంటలు. అది తప్పితే ఓడ వెళ్లిపోతుంది, కొలువు పోతుంది. ఆ సంగతి మాత్రం ఆఫీసువాళ్లు మరిచిపోకుండా చెప్పారు. ఊరు ఎలా దాటాలో చెప్పలేదు.

నేనే కూర్చుని నాలుగు దారులు తెలుగులో రాసిచ్చాను. టాక్సీ ఒకటి. విమానాశ్రయాల మధ్య తిరిగే బస్సు రెండు. కార్డు ఉంటే తప్ప ఎక్కనివ్వని, నత్తలా నడిచే సిటీ బస్సు మూడు. ఆపైన రైలు. నాకు తెలిసిందంతా ఆ కాగితంలో కుక్కాను.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. అక్కడ అప్పుడే పొద్దు పొడిచింది.

"దిగిన కాకా. సామాను దొరికింది."

గంట ఆగి నేనే చేశాను. "యాడున్నవురా?"

"గేటుకాడ్నే కూసున్న. కంపినీ మనిషి ఇంక రాలే."

ఒళ్లు మండింది. అతని మీద కాదు. పన్నెండేళ్లుగా అతనికి తెలిసింది గది ముందు కంపెనీ బస్సు ఎక్కడం, హిద్‌లో సముద్రం ఒడ్డున ఓడల యార్డు ముందు దిగడం. దించిన చోట కూర్చో, పేరు పిలిస్తే లే. ఇక్కడ మాకు నేర్పిన చదువు అదే. అది తెలిసీ నాలుగు దారులు రాసిన నేను, ఎవరూ రారని ఒక్క ముక్క రాయలేదు.

"ఎవడూ రాడు. నువ్వే పోవాలె."

"నేనే? మరి పాస్‌పోర్టు ఎవలకియ్యాలె?"

"ఎవలకియ్యకు! జేబుల వెట్టుకో!"

"నాలుగు రాస్తివి గద. ఏదెక్కాలె?"

"రెండోది. యల్లా, జల్ది నడువు!"

తర్వాత గంటన్నర ఏ కబురూ లేదు. చాయ్ రెండుసార్లు చల్లారింది. చివరికి ఫోను మోగింది.

"కాకా, తప్పువోయిన. నది అన్నవు, గీడ సముద్రమున్నది. డ్రైవరు దిగుమంటుండు. నేను దిగ."

పటంలో ఆ నదిని చూశాను గానీ వెడల్పు పట్టించుకోలేదు.

"నీళ్ల రంగేంది?"

"బురద. వానకాలం గోదారి లెక్క."

"సముద్రం గట్లుంటదా? హిద్‌ల రోజూ జూస్తివి గద!"

"మరి అవతలొడ్డు ఏది?"

"దాంతోని నీకేం పనిరా! ఇమానాలు కనవడుతున్నయా?"

ఫోనులోంచి నా చెవి అదిరేలా మోత. "నెత్తిమీదికెల్లే వోయింది కాకా!"

"నీది గూడ వోకముందే దిగు. లోపలికి వోయి మళ్ల కూసునేవు, ఎవడూ పిలువడు!"

అరగంటకు ఫొటో వచ్చింది. బోర్డింగు పాసు, దాన్ని నలిగేలా పట్టుకున్న బొటనవేలు.

"కూసున్నవా?" అని అడిగాను.

"లే కాకా. నిలవడ్డ. లైన్ల అందరికన్న ముందు."